సుట్ట ఆరేదాకా

మా ఇంట్లో ఒక కోర్టు ఉండేది. జడ్జి మా మామ్మ దేముడమ్మ, అంటే మా నాన్న తల్లి. నల్లకోటు లేదు, బంట్రోతు లేడు. వీధరుగు మీద ముక్కాలిపీట, నోట్లో సుట్ట. అంతే.

సుట్ట కూడా అందరిలాగ కాదు, అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లోకి, నిప్పులేని కొస బయటికి. మా వైపు పెద్దాడోళ్ళు చాలామంది అలాగే కాలుస్తారు. గాలికి ఆరదు, చీర మీద నిప్పు పడదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. మామ్మ అలా కాలుస్తూనే నాట్లేసింది, పిల్లల్ని పెంచింది, పొలం అమ్మీసి మల్కాపురం వచ్చి ఇల్లు కట్టించింది. డాక్టరు మానీమంటే, నువ్వు పుట్టకముందునుంచీ కాలుత్తన్నాను బావూ, ఇప్పుడు మధ్యలో నువ్వెవరివి అన్నాదట. ఆయన ఫీజు కూడా అడగలేదు.

నోట్లో నిప్పున్న మనిషికి మాట్లాడ్డం కుదరదు కదా. అందుకని ఎదుటోళ్ళు చెప్పింది వినడానికి అదే మంచి టైమని ఆవిడ ఎప్పుడో రూలు పెట్టీసింది. ఎవరికేటి కావాలన్నా సుట్ట ముట్టించినాక మొదలెట్టాలి. చెప్పేవోడు ఆగితే, అడ్డు చెప్పేవోడికి వంతు. సుట్ట అయిపోయి నోట్లోంచి తీసినాక ఆవిడ ఏదంటే అదే. అప్పీలు లేదు. సుట్ట తీసేముందు ఆఖర్న ఎవరి మాట చెవిలో పడితే సగం గెలుపు వాళ్ళదే, అది అనుభవం మీద తెలిసింది. ఇంకో రూలేటంటే, కేసు ఏ ఆడపిల్ల గురించో ఆ ఆడపిల్ల నోరెత్తకూడదు. నన్ను పాలిటెక్నిక్‌లో చేర్చాలా వద్దా అన్న కేసు కూడా అక్కడే నడిచింది. నాను తలుపు వెనక నిలబడి గోళ్ళు కొరుక్కున్నాను. గెలిచాను గానీ గోళ్ళు పోయాయి.

ఇప్పుడు నా పెళ్ళి కేసు. అవతల పార్టీ మా సిన్నాన్న అర్జునరావు.

అప్పటికి స్టీల్ ప్లాంటు కాగితాల మీద ఎక్కువ, నేల మీద తక్కువ. ఆ కాగితాలు గీసే డ్రాయింగ్ ఆఫీసులో నాను డ్రాఫ్ట్స్‌మన్‌ని. అవును, మన్నే. ఆడవాళ్ళకి వేరే పేరు ఆలోచించేంత తీరిక మా కాంట్రాక్టరుకి లేదు. గీసిన వాటికి ప్రింట్లు తీయించడానికి వన్ టౌన్‌లో ఒక షాపుకి వెళ్ళేదాన్ని. అక్కడ ప్రింట్లకి వాడే అమ్మోనియా ఘాటుకి కళ్ళంట ధారగా నీళ్ళొచ్చేవి. ఓ రోజు పక్క కంపెనీ గుమాస్తా ఒకడు, పాపం ఎవరో పోయారనుకుని, నాకు గోలీసోడా తెచ్చిచ్చి పక్కన నిలబడి చిన్నగా ప్రార్థన చేసీసాడు. అలా పరిచయం. పేరు సుందర్ రాజ్. పోర్టులోకొచ్చే ఓడలకి కూరగాయలు, మాంసం, సబ్బులు సప్లై చేసే కంపెనీలో పని. ఎవరూ పోలేదని చెప్తే సోడా వెనక్కి అడగలేదు. అది నచ్చింది.

వాళ్ళు క్రిస్టియన్లు. సిన్నాన్నకి అదొక అభ్యంతరం. ఆయన బామ్మర్దికి తగరపువలసలో ఎరువుల కొట్టుంది, దానికి క్యాష్ కౌంటర్లో కూకోడానికి చదువుకున్న పిల్ల కావాలి. అది రెండో అభ్యంతరం, గట్టిది. మా నాన్న మాత్రం, అమ్మ ఎలాగంటే అలాగే అనీసి, విచారణ పెట్టిన ఆదివారం నాడు రిఫైనరీలో షిఫ్టు మార్పించుకుని మరీ డ్యూటీకి పోయాడు.

కాబట్టి సుందరే వచ్చి వాదించుకోవాలి. ఏటి మాట్లాడాలో మొత్తం నానే తయారుచేసి అప్పజెప్పించుకున్నాను. సముద్రం ఒడ్డున రాయి మీద ఒక సుట్ట ముట్టించి పెట్టి, అది కాలేలోపు చెప్పించాను. నోట్లో ఉన్న నిప్పుకి గాలి తక్కువ కాబట్టి ఇంకొంచెం నెమ్మదిగా కాలతాది, దానికి తగ్గట్టు రెండు పేరాలు కలిపాను. లెక్క ఏటంటే, సుట్ట అయిపోయేసరికి సుందర్ ఆఖరి మాట అనాలి, సిన్నాన్నకి నోరు తెరిచే సందు మిగలకూడదు. పాలిటెక్నిక్‌లో నేర్చుకున్నది మొదటిసారి ఇంటికి పనికొస్తన్నాదని నాకు మహా గర్వంగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం సుందర్ రానే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తలకి నూనె, చంకలో పేపరు చుట్టిన పొట్లం. ఆ పొట్లం గురించి నాకు చెప్పలేదు. నన్ను ఆశ్చర్యపెట్టాలట.

పెట్టాడు. పేపరు విప్పితే ఎర్ర వైను సీసా ఒకటి, అల్యూమినియం గొట్టంలో సిగారు ఒకటి. సిగారంటే ఏదో పెన్నంత అనుకున్నాను. నా బొటనవేలి కంటే లావుగా, జానెడు కంటే పొడుగ్గా ఉంది. ఎవరో గ్రీకు ఓడ కెప్టెనుకి పెళ్ళిరోజుకి వేటమాంసం కోరినట్టు దొరికించినందుకు ఇచ్చాడట. కస్టమ్స్ గేటు ఎలా దాటించావని నానడగలేదు, మీరూ అడక్కండి.

నా లెక్క అక్కడే తప్పింది. మామ్మ రోజూ కాల్చే సుట్టకి సరిపడా ప్రసంగం రాశాను. ఇదేమో దానికి మూడింతల సరుకు, రాయిలా గట్టిగా చుట్టీసుంది. ఇది అడ్డపొగలో ఎప్పటికి ఆరుతాదో లెక్కెయ్యడానికి నాకు ఫార్ములా లేదు. వద్దని సైగ చేశాను. సుందర్ నా సైగ చూసి, బాగుంది కదా అన్నట్టు తిరిగి సైగ చేశాడు.

మామ్మ సిగారు తీసుకుని ఈ కొస నుంచి ఆ కొసదాకా వాసన చూసింది. దానికున్న ఎర్రబంగారు కాగితం పట్టీ జాగ్రత్తగా ఊడదీసి చిటికెన వేలుకి తొడుక్కుంది. సుందర్ చేతులు కట్టుకుని, ఇది ఒట్టిగా కాల్చకూడదు మామ్మగారూ, దీనికి జత ఎర్ర వైను అని మొదలెట్టాడు. పొగ నోరు ఆరబెడతాదట, వైను తడుపుతాదట. గట్టి సిగారుకి గట్టి వైనే వెయ్యాలట, పలచటిది వేస్తే సిగారు దాన్ని మింగేస్తాదట. ఒక గుక్క, ఒక పీల్పు, మళ్ళీ ఒక గుక్క. కెప్టెను ఎలా చెప్పాడో అలా, పాస్టరు గారి గొంతుతో చెప్పాడు.

సీసాకి బెండు బిరడా. తీసే పరికరం కెప్టెను ఇవ్వలేదు. నాన్న పెట్టెలోంచి చెక్కస్క్రూ తెచ్చి బిరడాలోకి తిప్పి, కటింగ్ ప్లయరుతో పట్టుకుని, సీసా కాళ్ళ మధ్యన నొక్కిపెట్టి నానే లాగాను. టప్పుమన్న చప్పుడికి వంటింట్లోంచి అమ్మ తొంగిచూసి, నా వాటం చూసి మళ్ళీ లోపలికెళ్ళిపోయింది. స్టీలు గ్లాసుల్లో పోశాను. మామ్మకొకటి, సిన్నాన్నకొకటి, మర్యాదకి సుందర్‌కొకటి.

మామ్మ సిగారు కొస కొరికి ఉమ్మీసి, అగ్గిపుల్ల గీసి ముట్టించింది. రెండు దమ్ములు మామూలుగా లాగింది. తలూపింది. తరవాత తిప్పి నిప్పు వైపు నోట్లో పెట్టీసుకుని పెదాలు మూసీసింది.

సుందర్ మొహం చూడాలి. పుట్టినకాణ్ణించీ అడ్డపొగ చూస్తన్నవోడే. కానీ కెప్టెను సిగారుకి ఆ గతి పడతాదని అనుకోలేదు. పైగా నోట్లో నిప్పుంటే వైను తాగేదెలాగ? జత మొదట్లోనే విడిపోయింది. మామ్మ గ్లాసు అరుగు మీద అలాగే ఉండిపోయింది.

ఆవిడ వేలుతో సుందర్‌ని చూపించింది. కేసు మొదలు.

ప్రసంగం బాగానే చెప్పాడు. ఉద్యోగం, తల్లి దీవెనమ్మ గారు, వన్ టౌన్‌లో రెండు గదుల ఇల్లు, ఏ అలవాటూ లేదు, గౌరీశ్వరంటే, అంటే నానంటే, గౌరవం. నాను కలిపిన రెండు పేరాలు కూడా చెప్పీసాడు. ఆఖరి మాట అనీసి మామ్మ వైపు చూశాడు. సిగారు వేలెడు కూడా తగ్గలేదు. సిన్నాన్న గొంతు సవరించుకున్నాడు.

ఆయన పోర్టులో క్రేన్ నడుపుతాడు. అంత ఎత్తునుంచి అందర్నీ చూసీ చూసీ, కింద మాట్లాడేటప్పుడు కూడా అదే చూపు. ఆయన మొదలెట్టాడంటే బామ్మర్ది, ఎరువులు, కులం, మతం అన్నీ క్రేనుతో దించినట్టు దించుతాడు. సుందర్‌కి అది అర్థమైంది. ఆగకూడదు. ఆగకుండా చెప్పడానికి ఏటీ లేదు.

అందుకని ఓడల గురించి చెప్పాడు. ఏ దేశం ఓడకి ఏ కూర కావాలో చెప్పాడు. బీన్సు, బీట్రూట్, క్యారెట్ అని మొత్తం సరుకుల జాబితా అప్పజెప్పాడు. మా గోడ బాగుందన్నాడు. ఎదురింటి నూకాలు గారి కోడి బాగుందన్నాడు. గొంతెండిపోయి గ్లాసెత్తి గుక్కెడు తాగి దగ్గాడు. అప్పుడు తెలిసింది, ఇంత పాఠం చెప్పినవోడు వైను తాగడం అదే మొదలని. రెండో గుక్కకి దగ్గలేదు. గ్లాసయింది. పక్కనే మామ్మ గ్లాసు ఎవరూ తాగక నిండుగా ఉంది కదా, అదీ ఎత్తాడు.

సిన్నాన్న తన వంతు కోసం చూసీ చూసీ విసుగెత్తి, ఇదేటి సిరప్పులాగుంది, ఇది మనకేటి చేస్తాది అంటూ పోసుకుంటన్నాడు. ఆయనకి సారా అలవాటు. గ్లాసెత్తితే దించడం ఉండదు.

మామ్మ మాత్రం కళ్ళు సగం మూసి, పొగ సన్నగా వదుల్తూ, నివురు పక్కకి ఉమ్ముతూ విన్నాది. అంత సుఖంగా ఆవిణ్ణి నాను ఎప్పుడూ చూడలేదు.

రెండో గ్లాసు సగంలో సుందర్ గొంతు మారింది. రాసిచ్చిన మాటలు అయిపోయాయి, కోడి అయిపోయింది, ఇంక మిగిలింది నిజమే.

తనకి ఈత రాదన్నాడు. నాతో ఏమో, హార్బరు ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి ఈదుతానని చెప్పాడు. ఓడ నిచ్చెన ఎక్కినప్పుడల్లా కళ్ళు తిరుగుతాయన్నాడు. నాను నవ్వాపుకున్నాను. తరవాత ఇంకోటి చెప్పాడు.

"మామ్మగారూ, గౌరి బాప్తిస్మం తీసుకుంటాదని మా అమ్మకి చెప్పీసాను. అమ్మ అవేవీ అడగదని గౌరికి చెప్పీసాను. రెండూ అబద్ధాలే. ఇద్దరికీ చెప్పాలంటే భయమేసి, ఎవరికేటి కావాలో అది చెప్పీసాను. ఓడలకి సప్లై చేసినట్టు."

అని ఆగిపోయాడు.

నవ్వు పోయింది. ప్లయరు నా చేతిలోనే ఉంది, అది విసరకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను. నాను రాసిచ్చిన ప్రసంగంలో "గౌరి ఇష్టాలకి అడ్డు రాను" అన్న ముక్కుంది. దాన్ని ఎంత బాగా చెప్పాడో.

రూలు ప్రకారం సిన్నాన్న వంతు. ఇంతకంటే మంచి సందు దేవుడు కూడా ఇవ్వడు. ఆయన లేచాడు. గోడ పట్టుకున్నాడు. సుందర్ వైపు చూశాడు, కళ్ళంట నీళ్ళు.

"బావా," అన్నాడు, "మీ యమ్మంటే నీకూ బయమేనేటి? నాకూ అంతే బావా."

వరస ప్రకారం అల్లుడు కావాలి. ఆ పరిస్థితుల్లో ఎవరూ దిద్దలేదు. సిన్నాన్న సుందర్ పక్కన చతికిలబడి భుజం మీద చెయ్యేసి, మామ్మ వైపు చూడకుండా, తన లెక్కలన్నీ విప్పీసాడు. ఊళ్ళో ఉన్నప్పుడు తప్పిపోయిందన్న మామ్మ గేదె తప్పిపోలేదు, అమ్మీసి సినిమాలు చూశాడు. నాగుల చవితి ఉపవాసం ఏనాడూ ఉండలేదు, వీరన్న హోటల్లో ఇడ్లీ తిన్నాడు. బామ్మర్ది సంబంధం తనది కాదు, మా పిన్నిది. ఆవిడన్నా భయమే. ఎరువుల కొట్టు వాసన తనకి పడదు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఓదార్చుకుంటన్నారు. సీసాలో అడుగున మిగిలింది సుందర్ సమానంగా పంచాడు.

మామ్మ నోట్లో నిప్పు. తిట్టడానికి వీల్లేదు. గేదె దగ్గర మాత్రం కనుబొమలు నెత్తిమీదకెక్కాయి, సిగారు కొస అటూ ఇటూ ఊగింది. తన రూలు తనకే అడ్డమొస్తే ఎలాగుంటాదో ఆవిడకి మొదటిసారి తెలిసినట్టుంది.

అప్పుడు ఎప్పుడూ జరగనిది జరిగింది. సుట్ట అవకుండానే ఆవిడ నోట్లోంచి తీసింది. ఇంకా సగముంది. తీర్పేమో అనుకున్నాను. ఇద్దరు మొగాళ్ళూ బిగుసుకుపోయారు.

"ఈళ్ళిద్దరూ అయిపోనారు," అన్నాది నా వైపు తిరిగి. "సుట్ట ఇంకా ఉన్నాది. నువ్వు సెప్పే గుంటా."

మళ్ళీ నోట్లో పెట్టీసుకుంది.

గుంటంటే ఆడపిల్ల, అంటే నాను. నా కేసులో నాను మాట్లాడ్డం. సుందర్‌కి అంత ప్రసంగం రాసిచ్చినదాన్ని, నాకు ఒక్క ముక్క రాసుకోలేదు. వంటింటి తలుపు దగ్గర అమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"నాకు సుందరే కావాలి," అన్నాను. "చర్చికి తోడొస్తాను, మారను. ఉద్యోగం మానను. అబద్ధం చెప్పినందుకు చాలా కోపంగా ఉంది, అది ఎప్పుడు తగ్గుతాదో చెప్పలేను. ఈ మాటలన్నీ నా ఎదురుగా వాళ్ళమ్మకి చెప్పాలి, ఇవాళే. చెప్పలేనంటే ఈ గుమ్మంలోంచే పొమ్మను."

అయిపోయింది. ఇంతేనా అనిపించింది. సిగారు చూస్తే ఇంకా మిగిలే ఉంది.

సుందర్ లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. చెప్తానన్నాడు. ఇప్పుడే చెప్తానన్నాడు. రేపటికి ఈ ధైర్యం ఉంటాదో లేదో తనకే తెలీదన్నాడు. ఇది మాత్రం అబద్ధం కాదని నాకు వెంటనే తెలిసింది.

మామ్మ ముక్కాలిపీట మీంచి లేచింది. కొంగు నడుముకి దోపుకుని మెట్లు దిగి రోడ్డు వైపు చెయ్యి చూపించింది. సుట్ట ఆరలేదు కదా, కోర్టు ఇంకా లేవలేదు. సాక్షి ఇంకొకళ్ళున్నారు. ఆవిడ రాకపోతే కోర్టే ఆవిడ దగ్గరికి పోతాది.

ఆటోలో మేం నలుగురం. సిన్నాన్న రానంటూనే ముందు ఎక్కి కూకున్నాడు. కాన్వెంటు జంక్షన్ దాకా పోర్టు లారీల దుమ్ము, గాలి. మామూలుగా కాల్చే సిగారైతే సింధియా జంక్షన్ దాటకముందే ఆరిపోయేది. మామ్మ నోట్లో నిప్పు నిక్షేపంలాగుంది. ఆటోవాడు అద్దంలో ఆవిణ్ణి చూస్తా, మామ్మా అదేటి, అరటికాయా అనడిగాడు. ఆవిడ ఊఁ అన్నాది. సిన్నాన్నకి నవ్వు మొదలైంది, ఆగలేదు. సుందర్‌కి అంటుకుంది. నాను కోపంగా ఉందామని చాలా ప్రయత్నించాను. రైలుగేటు దగ్గర ఓడిపోయాను.

దీవెనమ్మ గారు మునిసిపల్ స్కూల్లో లెక్కల టీచరు. తెల్లచీర, కళ్ళజోడు. తలుపు తీసి చూస్తే గుమ్మంలో ఎర్రటి నాలికతో కొడుకు, వాణ్ణి బావా అని పిలుస్తన్న కొత్త మనిషి, నోట్లో కర్రలాంటిది పెట్టుకున్న ముసలమ్మ, చేతిలో ప్లయరుతో నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. ఏటీ మారలేదు.

సుందర్ చెప్పీసాడు. మెట్టు మీద నిలబడే, రెండు అబద్ధాలూ, వరసగా, తల్లి మొహంలోకి చూస్తా చెప్పాడు. మధ్యలో ఒకసారి ఎక్కిళ్ళొచ్చాయి గానీ ఆగలేదు. వినడం అయ్యాక ఆవిడ నా వైపు తిరిగారు. చర్చికి తోడొస్తాను గానీ మారనండి అని చెప్పి, కోర్టు రూల్సు కూడా చెప్పాను. ఇప్పుడు మీ వంతండి, అది ఆరేలోగా మీరేటి చెప్పాలో చెప్పండి అన్నాను. సిగారు అప్పటికి ముక్కయింది.

ఇంకెవరైనా అయితే తలుపేసుకుందురు. ఆవిడ లెక్కల టీచరు కాబట్టి, రూలంటే రూలు. మామ్మ ఎదురుగా గుమ్మంలో నిలబడి మొదలెట్టారు.

ఆదివారం చర్చిలో తన పక్కన కోడలు కూకోవాలని కోరికుందన్నారు. లేదని అబద్ధం చెప్పను, ఒకింట్లో ఒక అబద్ధాలకోరు చాలు అన్నారు. పాస్టరు గారి భార్య కృపావతి ఏటంటాదో అన్న బెంగుందన్నారు. కొడుకు ముందే నిజం చెప్పుంటే తను రెండు రోజులు ఏడ్చి, అన్నం మానీసి, మూడోనాడు ఒప్పుకుందునన్నారు.

"ఇప్పుడు ఆ రెండు రోజులు నాకు లేకుండా చేశాడు," అన్నారు. "అది నా బాధ. పిల్ల మాత్రం నా ఎదురుగా నిలబడి మారనని చెప్పింది. మా వాడికంటే నయం."

మామ్మ సిగారు ముక్క తీసింది. కాలువలో పడేసి, నోరు తుడుచుకుంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు.

"గుంట ఏ గుడికెల్తాదో గుంట యిట్టం," అన్నాది. "గుంటడు ఇద్దరు ఆడోళ్ళకీ ఒకే మాట సెప్పాల. ఏడవడానికి నీకు రెండ్రోజులిత్తన్నాను దీవెనమ్మా, ఏడ్సుకో. మూడోనాడు రిజిస్టరాపీసుకెళ్ళి పేర్లిచ్చీడమే. బోజనాలు ఒక పూట మాకాడ, ఒక పూట మీకాడ. ఒరే అర్జునా, గేదె సంగతి ఇంటికెళ్ళినాక."

దీవెనమ్మ గారు దీనిమీద పైకోర్టు లేదా అని నన్నడిగారు. లేదండి అన్నాను.

"అయితే లోపలికి రండి," అన్నారు ఆవిడ, కళ్ళు ఒత్తుకుంటూ అప్పుడే మొదలెట్టీసి. "ముందు ఆ మొగోళ్ళిద్దర్నీ మొహం, కాళ్ళు కడుక్కుని రమ్మను."

సుందరూ సిన్నాన్నా ఒకళ్ళ భుజాలొకళ్ళు పట్టుకుని మహా బుద్ధిగా బయల్దేరి, మా అందరి కళ్ళ ముందే పక్కింటి పెరట్లోకి నడిచిపోయారు. అక్కడెవరో ఆడమనిషి, ఓలమ్మా ఎవరయ్యా మీరు అంటంటే, మొహం నిండా సబ్బుతో సుందర్ చాలా వినయంగా, నిజం చెప్పమంటారా అండీ అని మొదలెట్టాడు.